ఊపిరితిత్తుల్లో, గుండెలో రక్తపు గడ్డ: ముందు అనుమానం, తర్వాతే పరీక్ష

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో నర్సింగ్ చదువుతున్న పిల్లలు కనిపిస్తున్నారు, చాలా సంతోషం. మీకోసం కొన్ని సంగతులు కాస్త లోతుగా చెబుతాను. మిగతావాళ్లు ఆ కాసేపు ఓపిక పట్టండి, మీకూ పనికొచ్చేవే అవి.

2021 వేసవి దాకా డి-డైమర్ అన్న రక్తపరీక్ష పేరు ఆసుపత్రుల బయట పెద్దగా వినబడలేదు. కోవిడ్ రెండో వేవ్‌లో అది ఇంటింటికీ తెలిసింది. ఫోన్లలో రిపోర్టులు తిరిగాయి. నాకెంత, నీకెంత అని అడిగి మరీ పోల్చుకున్నారు. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటికీ ఏ లక్షణమూ లేకుండా ల్యాబ్‌కి వెళ్లి డి-డైమర్ చేయించుకుని, నంబరు పక్కన ఎర్ర గీత చూసి, రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోక పొద్దున్నే పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఇంకోపక్క నిజంగా ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్న మనిషి గ్యాస్ మాత్ర వేసుకుని ఇంట్లో పడుకుంటున్నాడు. ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే. పరీక్ష అనేది ఒక ప్రశ్నకు జవాబు. ప్రశ్న వేయకుండా తెచ్చుకున్న జవాబు మనల్ని దారి తప్పిస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందు గడ్డ ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఊపిరితిత్తుల్లో కనబడే గడ్డ చాలావరకు అక్కడ పుట్టింది కాదు. కాలిలో, తొడలో, పొత్తికడుపులో ఉండే లోతైన సిరల్లో పుడుతుంది. అక్కడ ఒక ముక్క ఊడి, పెద్ద సిర వెంట పైకొచ్చి, గుండె కుడివైపు గదుల్లోంచి దూరి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటుంది. కాలువలో కొట్టుకొచ్చిన తుంగ తూము దగ్గర అడ్డం పడ్డట్టు. ఈ సంగతిని 1840ల్లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అనే యువ వైద్యుడు శవపరీక్షల మీద, జంతువుల మీద ప్రయోగాలు చేసి నిరూపించాడు. అంతకుముందు ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోనే తయారవుతుందని నమ్మేవారు. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13. 2014 నుంచి ఆ తేదీనే ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుకుంటున్నారు. రక్తం కదలకుండా నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఈ మూడింటినీ ఆయన పేరుతోనే చదువుకుంటాం. రోగిని అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ మూడింటిలోంచే వస్తాయి.

ఆపరేషన్ అయి ఎన్నాళ్లయింది? తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నారా? క్యాన్సర్‌కి వైద్యం జరుగుతోందా? ఈమధ్య కాన్పు అయిందా? గర్భనిరోధక మాత్రలు గానీ, నెలసరి వాయిదాకి హార్మోన్ మాత్రలు గానీ వాడారా? ఈ చివరి ప్రశ్నకి ఇంట్లో మగవాళ్ల ముందు జవాబు రాదు. అందుకని ఆ అమ్మాయిని విడిగా అడగాలి. పూజలకీ పెళ్లిళ్లకీ నెలసరి ఆపుకునే మాత్రలు మన దగ్గర ఎంతమంది వాడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. కుటుంబంలో ఎవరికైనా గతంలో గడ్డలు కట్టి ఉంటే ఆ మాత్రలు వేసుకునే ముందే డాక్టరుకి చెప్పాలి.

బాలింతల గురించి ఒక మాట. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా రక్తం త్వరగా గడ్డకట్టే స్థితిలోనే ఉంటుంది. అది ప్రకృతి ఏర్పాటు, ఎక్కువ రక్తం పోకుండా కాపాడటానికి. మనమేమో పచ్చి బాలింత అని మంచం దిగనివ్వం, దాహం అంటే గుక్కెడు నీళ్లతో సరిపెడతాం. రక్తం చిక్కబడుతుంది, కాళ్లలో కదలిక ఉండదు. మన దేశంలో బాలింతలకు మెదడు సిరల్లో గడ్డలు కట్టడం వైద్యులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్న జబ్బు. ఆ తల్లికి కడుపునిండా నీళ్లివ్వండి, మొదటి రోజు నుంచే నడవనివ్వండి. సిజేరియన్ అయినా సరే. అత్తగార్లు, అమ్మమ్మలు ఉన్నారు కదా ఇక్కడ, మీకే చెబుతున్నాను.

విమాన ప్రయాణం సంగతి కూడా తరచూ అడుగుతారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో చాలామంది. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే గడ్డ కట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమే కాదు, రైలూ బస్సూ కారూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. రెట్టింపు అంటే భయం వేస్తుంది గానీ, అసలు సంఖ్య సుమారు ఆరు వేలమందిలో ఒకరు. కనుక వెళ్లండి, మనవల్ని చూసుకోండి. మధ్యమధ్యలో లేచి నడవండి, నీళ్లు తాగండి. దిగాక కొన్ని వారాల లోపు ఒక పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ప్రయాణం చేశానని డాక్టరుకి తప్పక చెప్పండి. ఆ ఒక్క వాక్యం రోగ నిర్ణయాన్ని మార్చేస్తుంది.

ఇప్పుడు లక్షణాలు. అకస్మాత్తుగా ఆయాసం. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల దగ్గర పోటు. గుండె దడ. కఫంలో రక్తపు జీర. కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. ఇందులో ఏ ఒక్కటీ ఈ జబ్బుకే సొంతం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. రక్తపు జీర చూస్తే మన దగ్గర అందరి బుర్రలోకీ మొదట వచ్చేది టీబీ. ఆయాసం అంటే ఆస్తమా. పడుచు అమ్మాయి దడ, ఆయాసం అంటే భయంతో అని తోసేస్తారు. ఆ తోసేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మరి ఎక్కడ అనుమానం రావాలి? మనిషి ఎంత ఆయాసపడుతున్నాడో, ఛాతీలో దొరికే ఆధారం అంత తక్కువగా ఉన్నచోట. స్టెతస్కోప్ పెడితే పిల్లికూతలు లేవు, ఎక్స్‌రేలో నిమ్ము లేదు, ఆక్సీమీటర్‌లో మాత్రం అంకె తక్కువ, నాడి వేగంగా ఉంది. గాలి లోపలికి బాగానే వెళుతోంది, ఆ గాలిని అందుకోవడానికి రక్తం అక్కడికి చేరడం లేదు. మామూలుగా ఉన్న ఎక్స్‌రే చూసి ఏమీ లేదు పొమ్మనకూడదు. ఇంత ఆయాసానికి ఎక్స్‌రే ఇంత శుభ్రంగా ఎందుకుంది అని ఆగి ఆలోచించాలి. అప్పుడు దుప్పటి తీసి రెండు కాళ్లూ చూడాలి. టేపు పెట్టి పిక్కలు కొలవాలి. రెండింటి మధ్య 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే అది లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతి. టేపు ఖరీదెంత చెప్పండి!

నర్సింగ్ పిల్లలూ, ఇది మీకు. కెనడాలో ఫిలిప్ వెల్స్ బృందం తయారుచేసిన మార్కుల పద్ధతి ఒకటుంది. కాలిలో గడ్డ గుర్తులుంటే 3. నాడి నిమిషానికి 100 దాటితే 1.5. గత నాలుగు వారాల్లో ఆపరేషన్ అయినా, మూడు రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ మంచం మీదే ఉన్నా 1.5. మునుపు గడ్డ కట్టి ఉంటే 1.5. కఫంలో రక్తానికి 1, క్యాన్సర్‌కి 1. ఇవన్నీ కాక, మిగతా ఏ జబ్బుకన్నా ఇదే అయ్యే అవకాశం ఎక్కువ అని చూసిన డాక్టరుకి అనిపిస్తే 3. చూశారా, రోగిని కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి ఆలోచనకి కూడా, కాలిలో గడ్డ గుర్తులతో సమానంగా, ఆ పట్టికలో అన్నిటికన్నా పెద్ద మార్కు దక్కింది. మొత్తం 4 దాటితే గడ్డ ఉండే అవకాశం గట్టిగా ఉందని అర్థం. 4 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే, అప్పుడు డి-డైమర్‌కి పని.

డి-డైమర్ అంటే ఏమిటి? గడ్డను కట్టి ఉంచే దారాల్లాంటి పదార్థం ఫైబ్రిన్. శరీరం ఆ గడ్డను కరిగించేటప్పుడు ఫైబ్రిన్ తెగి చిన్న ముక్కలు రక్తంలోకి వస్తాయి. ఆ ముక్కల్లో ఒకటి డి-డైమర్. జ్వరం, నిమ్ము, దెబ్బ, ఆపరేషన్, గర్భం, కాన్పు, క్యాన్సర్, కాలేయ జబ్బు, ఆఖరికి వయసు, వీటిలో దేనివల్లయినా అది పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ వచ్చిందంటే గడ్డ ఉందని తీర్పు చెప్పలేం. ఈ పరీక్ష గొప్పతనం రెండోవైపు ఉంది. అనుమానం తక్కువగా ఉన్న మనిషిలో డి-డైమర్ కూడా తక్కువ వస్తే, గడ్డ లేదని దాదాపు నిశ్చింతగా ఇంటికి పంపొచ్చు, స్కాన్ అవసరం లేకుండా. అనుమానం బలంగా ఉన్నప్పుడు మాత్రం దీనికోసం ఆగకూడదు, నేరుగా స్కాన్‌కి పోవాలి.

సాధారణంగా 500ని గీతగా పెట్టుకుంటాం. యాభై దాటినవాళ్లకి వయసును పదితో హెచ్చించాలి. డెబ్భై ఏళ్ల మామ్మగారికి 700 దాకా మామూలే. ల్యాబ్ కాగితం మీద మాత్రం 500 దాటగానే ఎర్రగా అచ్చవుతుంది, ఆ కాగితానికి ఆవిడ వయసు పట్టదు. ఇంకో తిరకాసు, కొలమానాలు. కొన్ని ల్యాబులు ఎఫ్‌ఈయూలో ఇస్తాయి, కొన్ని డీడీయూలో. మొదటిదాంట్లో 500 అంటే రెండోదాంట్లో సుమారు 250. కొందరు నానోగ్రాముల్లో 500 అని రాస్తే, కొందరు మైక్రోగ్రాముల్లో 0.5 అని రాస్తారు. సోమవారం ఒక ల్యాబ్‌లో, గురువారం ఇంకో ల్యాబ్‌లో చేయించి, పెరిగిందనో తగ్గిందనో అనుకునేముందు నంబరు పక్కన ఉన్న ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఈసీజీ, ఎకో (అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్) ఎందుకు చేస్తామంటే, ముఖ్యంగా గుండె మీద ఎంత భారం పడిందో తెలుసుకోవడానికి. ఈసీజీలో ఎక్కువమందికి కనబడేది వేగంగా కొట్టుకోవడం, అంతే. పుస్తకాల్లో ఎస్-1, క్యూ-3, టి-3 అని ఒక గుర్తు ఉంటుంది. 1935లో బోస్టన్‌లో మెక్‌గిన్, పాల్ వైట్ రాసిన సంగతి అది. పరీక్షల్లో తప్పక అడుగుతారు, రోగుల్లో మాత్రం చాలామందికి కనబడదు, కనబడలేదని జబ్బు లేదనుకోవద్దు. ఎకో విలువ బీపీ పడిపోయిన రోగి దగ్గర తెలుస్తుంది. స్కాన్ గదికి తీసుకెళ్లడానికి కూడా వీలులేని మనిషికి, మంచం పక్కనే ఎకో పెట్టి చూస్తే, కుడి జఠరిక ఉబ్బిపోయి ఎడమదాన్ని నొక్కేస్తూ కనిపిస్తుంది. ఆ ఒక్క దృశ్యంతో గడ్డ కరిగించే మందు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సి రావచ్చు. బీపీ బాగున్న రోగికి ఎకో మామూలుగా ఉండటం మాత్రం ఊపిరితిత్తుల్లో గడ్డ లేదనడానికి రుజువు కాదు.

గడ్డను కళ్లకు చూపించేది సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి డై ఎక్కించి, అది సరిగ్గా ఊపిరితిత్తుల ధమనిలో నిండిన క్షణానికి బొమ్మ తీస్తారు. తెల్లగా వెలిగే నాళంలో గడ్డ నల్లటి మచ్చగా కనబడుతుంది. కోవిడ్ రోజుల్లో అందరూ చేయించుకున్న హెచ్‌ఆర్‌సీటీ వేరు, ఇది వేరు. డై లేకుండా తీసిన హెచ్‌ఆర్‌సీటీ మీద ఆధారపడి గడ్డ లేదని చెప్పలేం. మొన్ననే ఛాతీ స్కాన్ అయింది, మళ్లీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. అడగడం న్యాయమే. జవాబు ఇది.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకీ, డై పడనివాళ్లకీ వి-క్యూ స్కాన్ అని ఒకటుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఎక్కడికి చేరుతోంది, రక్తం ఎక్కడికి చేరుతోంది అన్నది విడివిడిగా చూపిస్తుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది. గర్భిణికి అనుమానం వచ్చి, కాలు కూడా వాచి ఉంటే మొదట కాలి డాప్లర్ (సిరల్లో రక్త ప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) చేయాలి. అక్కడే గడ్డ దొరికితే రేడియేషన్ లేకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. దొరక్కపోతే స్కాన్‌కి వెనకాడొద్దు. కడుపులో బిడ్డకు తగిలే రేడియేషన్ చాలా తక్కువ. తల్లికి గడ్డ ఉండి తెలియకపోవడమే ఇద్దరికీ అసలు ప్రమాదం.

సీటీ చేశాం కదా, ఇక అనుమానంతో పనేముంది అంటారా? 2006లో అమెరికాలో పయోపెడ్-2 అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. డాక్టరు అనుమానం బలంగా ఉండి, సీటీ కూడా గడ్డ ఉందన్నప్పుడు 96 శాతం మందిలో అది నిజమైంది. అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో సీటీ గడ్డ ఉందంటే, నిజమైంది 58 శాతమే. అదేవిధంగా అనుమానం బలంగా ఉన్నవాళ్లలో సీటీ లేదని చెబితే, నిజంగా లేనిది 60 శాతం మందిలోనే. అప్పటికన్నా ఇప్పటి యంత్రాలు చాలా మెరుగు, ఒప్పుకుంటాను. కానీ ఒకే యంత్రం, ఒకే బొమ్మ, ముందున్న అనుమానాన్ని బట్టి దాని మాటకు విలువ మారిపోవడం గమనించండి. అందుకే స్కాన్ ఫారం మీద సంతకం చేసి ఊరుకోకుండా, ఎందుకు అనుమానించారో రెండు ముక్కలు రాయమని జూనియర్లకు చెబుతుంటాను. రేడియాలజిస్టుకి ఆ రెండు ముక్కలూ చాలా అవసరం.

అనుమానం బలంగా ఉంటే, రక్తస్రావం భయం లేకపోతే, స్కాన్ రిపోర్టు రాకముందే, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు మొదలుపెడతాం. ఎందుకంత తొందర? 1960లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు చేసిన చిన్న ప్రయోగం ఉంది. మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు ఆ గడ్డలతోనే చనిపోయారు. ఇచ్చిన 16 మందిలో ఆ కారణంతో ఒక్కరూ పోలేదు. ఇక మందు ఇవ్వకుండా ఉంచడం ధర్మం కాదని వాళ్లు ఆ పోలికను అక్కడితో ఆపేశారు. రిపోర్టు కోసం ఎదురుచూసే గంటలు ఎంత విలువైనవో ఆ అంకెలు చెబుతాయి.

ఇక గుండె. గుండెలో గడ్డ అన్నప్పుడు మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి, విడదీసి చెబుతాను.

మొదటిది గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీ ధమనిలో గడ్డ, అంటే మనం హార్ట్ ఎటాక్ అనేది. 1912లో షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ దీన్ని బతికున్న రోగిలోనే గుర్తుపట్టవచ్చని రాశాడు. అయినా గడ్డ వల్ల ఎటాక్ వస్తుందా, ఎటాక్ వచ్చాక గడ్డ కడుతుందా అన్న వాదన దశాబ్దాలపాటు నడిచింది. 1980లో అమెరికాలో డివుడ్ బృందం ఎటాక్ మొదలైన నాలుగు గంటల లోపే రోగులకు యాంజియోగ్రామ్ చేసి చూస్తే, 87 శాతం మందిలో నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. వాదన ముగిసింది, గడ్డ కరిగించే వైద్యానికి దారి తెరుచుకుంది. ఇక్కడ రోగనిర్ణయం మొదలయ్యేది ఈసీజీతోనే. రోగి గుమ్మంలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో అది తీయాలి. అందులో ఎస్‌టీ భాగం పైకి లేచి ఉంటే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) రిపోర్టు కోసం ఆగకూడదు. మొదటి ఈసీజీ బాగుండి నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి. ఇంకొకటి గుర్తుంచుకోండి, ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డ ఉన్నా ట్రోపోనిన్ పెరుగుతుంది. ట్రోపోనిన్ పెరిగింది, యాంజియోగ్రామ్‌లో నాళాలు శుభ్రంగా ఉన్నాయి, ఆయాసం మాత్రం పోలేదు అంటే ఆలోచన ఊపిరితిత్తుల వైపు మళ్లాలి.

రెండోది గుండె గదుల్లో గడ్డ. కర్ణిక లయ తప్పి అల్లాడుతున్నప్పుడు, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం, ఎడమ కర్ణికకు ఉండే చిన్న సంచిలో రక్తం నిలిచిపోతుంది. కవాటాల జబ్బు లేనివాళ్లలో ఈ గడ్డలు 90 శాతం దాకా ఆ సంచిలోనే ఉంటాయి. అక్కడినుంచి ఊడితే నేరుగా మెదడుకి పోతుంది, పక్షవాతం. మామూలు ఎకోలో ఆ సంచి సరిగా కనబడదు. గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం దించి చేసే ఎకో కావాలి. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి మైట్రల్ కవాటం బిగుసుకుపోయినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు బెలూన్‌తో కవాటం తెరిచేముందు గొంతు ఎకో తప్పదు. లోపల గడ్డ ఉండగా బెలూన్ వేస్తే దాన్ని మనమే మెదడుకి పంపినట్టవుతుంది. గొట్టం మింగడానికి భయపడి వద్దనే రోగిని కసురుకోకుండా పక్కన కూర్చుని చెప్పాలి. గుండె ముందు గోడకు పెద్ద ఎటాక్ వచ్చినవాళ్లలో ఎడమ జఠరిక కొసన గడ్డ కడుతుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో. ఎకోలో అనుమానంగా ఉంటే ఎంఆర్‌ఐ తేలుస్తుంది.

లయ తప్పిందని తెలుసుకోవడానికి మొదటి పరికరం మీ వేళ్లే. ఇంట్లో పెద్దవాళ్ల మణికట్టు పట్టుకుని నాడి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి ఇష్టమొచ్చినట్టు మారిపోతుంటే, ఆ వారంలోనే ఈసీజీ తీయించండి. తల తిరుగుతున్నా, గుండె నొప్పి ఉన్నా ఆ రోజే.

మూడోది మార్చిన కవాటం మీద గడ్డ. లోహపు కవాటం వేయించుకున్నవాళ్లకు రాత్రి నిశ్శబ్దంలో టిక్ టిక్ శబ్దం వినబడుతుంది. పక్కన పడుకున్నవాళ్లకు కూడా. ఆ శబ్దం మందగించినా, వినబడటం మానేసినా, కొత్తగా ఆయాసం వచ్చినా, అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి రావాలి. చాలాసార్లు ఆరా తీస్తే, రక్తం పల్చబరిచే మందు మధ్యలో ఆపేశారనో, ఆ మందు ఎంత పనిచేస్తోందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష నెలల తరబడి చేయించలేదనో తేలుతుంది. రెండు రెక్కల కార్బన్ కవాటమైతే ఫ్లోరోస్కోపీ, అంటే కదలికలు చూపే ఎక్స్‌రే, కింద రెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో స్పష్టంగా చూడొచ్చు. 1990 నుంచి మన దేశంలో ఎందరికో వేస్తున్న చిత్రా కవాటంలో కదిలే బిళ్ల పాలిథిలిన్‌తో చేసింది, అది ఎక్స్‌రే కిరణాలకు కనబడదు. దానికి ఎకోనే ఆధారం. అందుకని మీకు వేసింది ఏ కవాటమో రాసి ఇచ్చిన కార్డు పారేయకండి. దాని ఫొటో మీ ఫోన్‌లో, మీ పిల్లల ఫోన్లలో కూడా ఉంచండి.

చివరగా, ఊపిరితిత్తుల గడ్డకు వైద్యం పూర్తయినవాళ్లకు. కనీసం మూడు నెలలు మందు వాడాక కూడా మెట్లెక్కితే ఆయాసం అలాగే ఉంటే, ముసలితనం అనో, బరువు పెరిగాననో సర్దుకోకండి. కొద్దిమందిలో గడ్డ పూర్తిగా కరగక మచ్చగట్టి నాళాలకు అతుక్కుపోతుంది, ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగిపోతుంది. దాన్ని పసిగట్టడానికి ఎకోతో మొదలుపెట్టి వి-క్యూ స్కాన్ చేస్తాం. ఇక్కడ సీటీ కన్నా ఆ స్కానే నమ్మకమైనది. ఆ మచ్చను ఒలిచి తీసే ఆపరేషన్ ఉంది, మన దేశంలోనూ కొన్ని కేంద్రాల్లో చేస్తున్నారు. కాబట్టి మూడు నెలల తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆయాసం ఎన్ని మెట్లకు వస్తోందో లెక్కపెట్టుకుని వెళ్లి, వి-క్యూ స్కాన్ అవసరమేమో అడగండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.